సారీ: బాధ చెప్పే మాట తప్పు ఒప్పుకునే మాట ఎలా అయింది?

అమెరికాకో ఇంగ్లండుకో కొత్తగా వెళ్లిన మనవాళ్లు చాలామంది ఒకచోట తడబడతారు. ఊళ్లో నాయనమ్మ పోయిందని ఆఫీసులో చెప్తే, పక్క సీటాయన ముఖం చిన్నబుచ్చుకుని "ఐ యామ్ సో సారీ" అంటాడు. దానికి ఏం బదులివ్వాలో పాలుపోదు. సారీ అన్నవాళ్లతో "పర్లేదండీ" అనడం మనకు అలవాటు. కాలు తొక్కినవాళ్లకీ, ఫోను ఎత్తడం ఆలస్యం చేసినవాళ్లకీ అదే జవాబు. ఆ అలవాటులో "ఇట్స్ ఓకే" అని నోరు జారుతుంది. మనసులో మాత్రం ఇంకో ప్రశ్న మెదులుతుంది: మా నాయనమ్మ పోతే ఈయన సారీ ఎందుకు చెప్తున్నాడు, మధ్యలో ఈయనేం చేశాడు? అక్కడ అనాల్సింది "థాంక్యూ". కానీ మన పరామర్శల్లో థాంక్స్ చెప్పే ఆనవాయితీ లేదు కాబట్టి అది కూడా సమయానికి నోటికి రాదు.

ఆ ప్రశ్న తెలివితక్కువదేమీ కాదు. తెలుగులోకి వచ్చిన సారీ సగం సారీ. తప్పు ఒప్పుకునే సగాన్ని మనం తెచ్చుకున్నాం, బాధ చెప్పే సగాన్ని అక్కడే వదిలేశాం. పుట్టుక చూస్తే ముందు వచ్చింది ఆ వదిలేసిన సగమే. రెండో సగం చాలా ఆలస్యంగా వచ్చి చేరింది. చేరి, పెద్దదాన్ని పక్కకు నెట్టింది. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో కోర్టులూ ప్రభుత్వాలూ ఈ రెండు సగాల మధ్య ఇప్పటికీ కొట్టుమిట్టాడుతున్నాయి.

ముందు పుట్టుక సంగతి. ఇంగ్లీషులో దుఃఖానికి సారో అనే మాట ఉంది. సారీ, సారో పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్లలా కనిపిస్తాయి. ఒకదాని నుంచి ఇంకొకటి వచ్చిందని పుట్టుకతో ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు కూడా అనుకుంటారు. కానీ వాటి మధ్య రక్తసంబంధం లేదు. సారో వచ్చింది పాత ఇంగ్లీషులోని 'సొర్గ్' నుంచి. దానికి దుఃఖం, దిగులు, ఆదుర్దా అని అర్థాలు. దాని తోబుట్టువు జర్మన్‌లో 'జోర్గె' రూపంలో నేటికీ బతికే ఉంది, అక్కడ చింత అనే అర్థమే ప్రధానం. సారీ వేరు అది కాదు. పాత ఇంగ్లీషులో 'సార్' అంటే నొప్పి, పుండు. ఇవాళ గొంతు నొప్పికి 'సోర్ త్రోట్' అంటున్నామే, ఆ సోర్ ఇదే. ఆ సార్‌కు 'ఇగ్' అనే ప్రత్యయం చేరి 'సారిగ్' అయింది. నొప్పితో ఉన్న, లోపల పచ్చిపుండుగా ఉన్న అని దాని అర్థం. రాయడం సారిగ్ అని రాసినా చివరి గకారాన్ని యకారంలా పలికేవారు కాబట్టి అది చెవికి దాదాపు 'సారియ్' అనే వినిపించేది. హంగ్రీ, బ్లడీ లాంటి మాటల చివర ఉన్న ఈకారం కూడా ఆ ప్రత్యయం తాలూకు మిగులే.

నొప్పి అనే ఈ మాటకు జర్మన్‌లో పట్టిన గతి ఇంకా విచిత్రం. అక్కడది 'జేర్' అయింది. 'డాంకె జేర్' అంటే చాలా థాంక్స్ అని. నొప్పి కాస్తా 'చాలా' అయిపోయింది. చచ్చేంత ఇష్టం, ఘోరంగా నచ్చింది అనే మనకు ఇందులో ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు.

సారిగ్, సొర్గ్ రెండూ ఒకే కథలో పక్కపక్కన కనిపించే చోటు ఒకటుంది. పాత ఇంగ్లీషు వీరగాథ బెయోవుల్ఫ్‌కు సుమారు 1000 ప్రాంతంలో రాసిన ఒకే ఒక్క ప్రతి మిగిలింది, అది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. మూడు వేల పైచిలుకు పంక్తుల ఆ కావ్యం చివరి భాగంలో, ముసలివాడైన వీరుడు డ్రాగన్‌తో ఆఖరి పోరుకు వెళ్లేముందు తనను పెంచిన తాత హ్రేథెల్ రాజును తలుచుకుంటాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. రెండోవాడు వేసిన బాణం గురి తప్పి పెద్దవాణ్ని చంపేసింది. ఆ కాలపు జర్మానిక్ తెగల్లో మనిషిని చంపితే దారులు రెండే. పగ తీర్చుకోవాలి, లేదా చంపినవాడి వైపు నుంచి ప్రాణానికి వెల కట్టించుకోవాలి. ఆ వెలకు వెర్‌గిల్డ్ అని పేరు. ఇక్కడ చంపినవాడూ కొడుకే, చచ్చినవాడూ కొడుకే. ఎవరి మీద పగ పట్టాలి? ఎవరి దగ్గర సొమ్ము వసూలు చేయాలి? సొమ్ముతో తీరే పోరు కాదిది అంటాడు కవి.

ఆ రాజు స్థితి చెప్పడానికి కవి ఇంకో తండ్రిని తీసుకొస్తాడు. కుర్రవాడైన కొడుకు ఉరికొయ్యకు వేలాడుతున్నాడు, మాలకాకికి పండగలా ఉంది. ముసలితండ్రి చేయగలిగింది లేదు. అప్పుడతను పాడుకునే పాటకు కవి పెట్టిన విశేషణమే సారిగ్. కొన్ని పంక్తులు గడిచాక ఆ తండ్రి కొడుకు ఉన్న ఇంటిని చూస్తాడు. గాలి తప్ప ఎవరూ లేరు. వెళ్లి మంచమెక్కి మళ్లీ పాడతాడు. ఈసారి పాట పేరు 'సొర్హ్‌లేయోథ్', అంటే సొర్గ్ పాట. మొదటి పాటలో పుండు సలుపు, రెండో పాటలో దిగులు. నాకు ఇందులో గట్టిగా తగిలేది ఏంటంటే, తప్పు ఎవరిదో తేల్చడానికి వీల్లేని చోట, క్షమాపణ అడగడానికీ ఇవ్వడానికీ ఎవరూ లేని చోట ఈ మాట పడింది. సారిగ్ అంటే అప్పట్లో అంతే. నొప్పిగా ఉంది. ఎవరి వల్ల అన్నది ఆ మాటలో లేదు.

తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లీషులో ఉచ్చారణ మారింది. దక్షిణాన పాత దీర్ఘ ఆకారం ఓకారమైంది. స్తాన్ అనేది స్టోన్ అయింది, హామ్ హోమ్ అయింది, సార్ సోర్ అయింది. ఆ లెక్కన సారిగ్ కూడా సోరీగా స్థిరపడాలి. కానీ అచ్చు పొట్టిదైపోయింది. పక్కనే ఉన్న సారో దాన్ని తనవైపు లాక్కుందని భాషాశాస్త్రవేత్తల మాట. అలా చుట్టరికం లేని రెండు మాటలు అర్థం కలిసి, శబ్దం కలిసి అక్కాచెల్లెళ్లయ్యాయి. టొరంటో వైపున్న మనవాళ్లు గమనించే ఉంటారు, కెనడా వాళ్లు దీన్ని 'సోరీ' అని సాగదీసి పలుకుతారు, అమెరికా వాళ్లు ఎగతాళి కూడా చేస్తారు. సోర్‌కు దగ్గరగా వినిపించేది ఆ కెనడా సోరీయే.

షేక్‌స్పియర్ నాటికీ సారీ ప్రధానంగా బాధకూ జాలికీ చెందిన మాటే. రాజును చంపి వచ్చిన మాక్‌బెత్ నెత్తురు అంటిన తన చేతులు చూసుకుని ఇదొక సారీ దృశ్యం అంటాడు. చూడలేని, దీనమైన దృశ్యం అని. సారీ అనడం పిచ్చి ఆలోచన అని భార్య కసురుకుంటుంది. మర్చంట్ ఆఫ్ వెనిస్ నాటకంలోని కోర్టు సీన్లో నగరాన్ని ఏలే డ్యూక్, అప్పు కేసులో ఇరుక్కున్న వర్తకుడు ఆంటోనియోను చూసి నీ విషయంలో నేను సారీ అంటాడు. ఆయన క్షమాపణ చెప్పడం లేదు, రాతిగుండె మనిషి చేతిలో పడ్డావే అని జాలిపడుతున్నాడు. ఆ రోజుల్లో పొరపాటుకు మన్నింపు అడగాలంటే "ఐ క్రై యూ మెర్సీ" అనో "పార్డన్ మీ" అనో అనేవాళ్లు. దీనమైన, నాసిరకం అనే ఆ పాత అర్థం ఇవాళ్టికీ 'సారీ స్టేట్' లాంటి పలుకుబడుల్లో మిగిలింది.

మరి తప్పు ఒప్పుకోలు ఎక్కణ్నుంచి వచ్చింది? ఒక పెద్ద దారి చర్చి నుంచి ఉంది. క్రైస్తవంలో పాపానికి పశ్చాత్తాపమంటే ముందు లోపల నొప్పి పుట్టాలి. దానికి వాళ్లు వాడే కంట్రిషన్ అనే మాటకు లాటిన్‌లో నలిగిపోవడం అని అర్థం. ఇంగ్లండు చర్చి 1549లో తెచ్చిన ప్రార్థన పుస్తకంలో అందరి తరఫునా చదివే ఒప్పుకోలు ఉంది. మేము చేసిన దుష్కృత్యాలకు మనస్ఫూర్తిగా సారీ అని అందులో ఒక వాక్యం. తరతరాలుగా జనం చర్చిలో మోకరిల్లి ఆ మాట పలికారు. ఇక్కడ కూడా మాటకు అర్థం నొప్పే. కాకపోతే ఆ నొప్పికి కారణం నా చేతులే. నొప్పికి కారణం నేనైనప్పుడు, నాకు నొప్పిగా ఉంది అనడమే తప్పు ఒప్పుకోవడం అవుతుంది. అర్థం మారిన మలుపు ఇదే.

ఆ తర్వాత జరిగింది అరుగుదల. 19వ శతాబ్దానికి 'ఐ యామ్' రాలిపోయి ఒంటి సారీ మిగిలింది. నేను, బాధపడుతున్నాను, ఫలానా పనికి అనే మూడు భాగాల్లో రెండు పోయాయి. ఆ తర్వాత మాట వినపడకపోతే "సారీ?" అనడం, దారి ఇమ్మనడానికి సారీ, ఎదుటివాడే మన కాలు తొక్కినా మనమే సారీ. బ్రిటిష్ వాళ్ల మీద ఉన్న జోకుల్లో సగం ఇవే. మన దగ్గరికి వచ్చింది ఈ అరిగిన రూపమే. బడి పిల్లలు "సారీ టీచర్" అనేటప్పుడు అందులో నొప్పి ఎంతుంటుందో టీచర్లకే తెలియాలి.

ఇక్కడ ఇంకో రెండు మాటల సంగతి చెప్పకపోతే చిక్కు పూర్తిగా విడదు. క్షమాపణకు ఇంగ్లీషులో గంభీరంగా వాడే అపాలజీ గ్రీకు నుంచి వచ్చింది. అక్కడ అపొలొగియా అంటే కోర్టులో ముద్దాయి తన తరఫున చేసుకునే వాదన. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయసభ ముందు సోక్రటీస్ చేసిన ప్రసంగానికి ప్లేటో పెట్టిన పేరు అదే. ఆ ప్రసంగంలో మన్నించండి అన్న ధోరణి మచ్చుకైనా లేదు. తన పనికి శిక్ష కాదు, నగరం ఖర్చుతో భోజనం పెట్టాలన్నాడాయన. ఇంగ్లీషులో కూడా 16వ శతాబ్దంలో అపాలజీ అంటే సమర్థనే. అంటే సమర్థించుకునే మాట తప్పు ఒప్పుకునే వైపు నడిచింది, నొప్పి చెప్పే మాట కూడా అటే నడిచింది. మూడోది రిగ్రెట్. పాత ఫ్రెంచిలో అది చనిపోయినవాళ్ల కోసం ఏడవడం. అది మాత్రం ఆఫీసు భాషలో పడి, ఏడుపూ లేక ఒప్పుకోలూ లేక పొడిగా మిగిలింది. రైల్వే స్టేషన్లో "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని వినిపించే గొంతులో చింత ఏమాత్రం ఉందో రిగ్రెట్‌లో అంతే.

ఈ మూడు మాటల మధ్య ఖాళీలో ప్రభుత్వాలు దూరతాయి. 2001 ఏప్రిల్ 1న అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధవిమానం దక్షిణ చైనా సముద్రం మీద ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వేయ్ గల్లంతయ్యాడు. అమెరికా విమానం హైనాన్ దీవిలో దిగింది, అందులోని 24 మందిని చైనా పట్టి ఉంచింది. క్షమాపణ చెప్తేనే వదులుతామంది. చెప్తే తప్పు మాదని ఒప్పుకున్నట్టవుతుంది, మేం తప్పు చేయలేదంది అమెరికా. చివరికి అమెరికా రాయబారి ఒక లేఖ ఇచ్చాడు. పైలట్‌ను కోల్పోయిన కుటుంబానికీ చైనా ప్రజలకూ 'వెరీ సారీ'. అనుమతి లేకుండా దిగినందుకు ఇంకో 'వెరీ సారీ'. అపాలజీ అనే మాట ఎక్కడా లేదు. మొదటి సారీ సానుభూతి, రెండోది అంతకన్నా కొంచెం ఎక్కువ, కానీ ఎంత ఎక్కువో చెప్పనక్కర్లేదు. చైనా తన జనానికి దాన్ని క్షమాపణగా చూపించుకుంది. అమెరికా తన జనానికి అది క్షమాపణ కాదని చెప్పుకుంది. మనుషులు ఇళ్లకు చేరారు. ఒక మాటకు రెండు అర్థాలుండటం వల్ల మేలు జరిగిన సందర్భాల్లో దీన్ని ముందు చెప్పుకోవాలి.

ఆస్ట్రేలియాలో అదే మాట పదేళ్లు నలిగింది. అక్కడి ఆదివాసుల పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి లాక్కుని సంస్థల్లో, తెల్లవాళ్ల ఇళ్లలో పెంచడం 20వ శతాబ్దంలో దశాబ్దాల పాటు సాగింది. దాని మీద విచారణ నివేదిక 1997లో వచ్చింది. మరుసటి ఏడాది మే 26న మొదటి జాతీయ సారీ దినం జరిపారు. లక్షలాది జనం సారీ పుస్తకాల్లో సంతకాలు పెట్టారు. 2000 మే నెలలో సిడ్నీ హార్బర్ వంతెన మీద భారీగా జనం నడిచినప్పుడు విమానం ఒకటి ఆకాశంలో పొగతో సారీ అని రాసింది. ప్రధాని జాన్ హోవర్డ్ మాత్రం ఆ ఒక్క మాట అననన్నాడు. 1999లో పార్లమెంటులో పెట్టిన తీర్మానంలో రిగ్రెట్ దాకా వచ్చి ఆగాడు. ఈ తరం చేయని పనికి ఈ తరం ఎలా సారీ చెప్తుందని ఆయన వాదన. సారీకి తప్పు ఒప్పుకోలు అర్థం మాత్రమే ఉందనుకుంటే ఆ వాదనలో పస ఉంది. కానీ ఆ దేశపు ఆదివాసులు మాట్లాడే ఇంగ్లీషులో 'సారీ బిజినెస్' అంటే చావు జరిగాక చేసే సంతాప కర్మలు. చావు ఇంటికి వచ్చి కూర్చోవడం అందులో ఒక భాగం. వాళ్ల చెవికి ఆ మాటలో పాత నొప్పి ఇంకా ఉంది. 2008 ఫిబ్రవరి 13న తర్వాతి ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో "మేం సారీ చెప్తున్నాం" అని ఒకటి తర్వాత ఒకటిగా మూడు వాక్యాల్లో పలికాడు.

మనకు దగ్గరి ఉదాహరణ జలియన్‌వాలా బాగ్. కాల్పులకు నూరేళ్లు నిండే ముందు, 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ ప్రధాని థెరెసా మే పార్లమెంటులో దాన్ని సిగ్గుచేటైన మచ్చ అన్నారు, జరిగినదానికి తీవ్రంగా రిగ్రెట్ అన్నారు. సారీ గడప దాటలేదు. మన పత్రికల భాషలో చెప్పాలంటే విచారం వ్యక్తం చేశారు, క్షమాపణ చెప్పలేదు.

కోర్టుల్లో చిక్కు ఇంకా పచ్చిగా ఉంటుంది. కారు గుద్దుకున్న చోట దిగి సారీ అన్నవాడు తప్పు ఒప్పుకున్నట్టా? ఆపరేషన్ వికటించి మనిషి పోతే బయటికి వచ్చి సారీ అన్న డాక్టరు నిర్లక్ష్యాన్ని అంగీకరించినట్టా? అంగీకరించినట్టే అవుతుందని లాయర్లూ బీమా కంపెనీలూ హెచ్చరించడంతో జనం నోరు కుట్టేసుకున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1970లలో ఒక శాసనసభ్యుడి కూతురు సైకిల్ మీద వెళ్తూ కారు కింద పడి చనిపోయింది. నడిపినవాడు ఒక్క మాటైనా అనలేదని ఆ తండ్రికి కడుపు రగిలింది. అంటే కేసులో సాక్ష్యమవుతుందన్న భయంతో ఊరుకున్నాడని తర్వాత తెలిసింది. ఆయన చొరవతో 1986లో ఆ రాష్ట్రం చట్టం చేసింది. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్ల పట్ల సానుభూతితో అన్న మాటను బాధ్యత ఒప్పుకున్నదానికి సాక్ష్యంగా చూపరాదని అందులో ఉంది. ఆ తర్వాత కాలిఫోర్నియా కూడా అలాంటి చట్టం చేస్తూ ఒక గీత గీసింది. మీ బాధకు సారీ అంటే రక్షణ ఉంది, తప్పు నాదే అంటే లేదు. పాత ఇంగ్లీషులోని సారిగ్‌ను కొత్త సారీ నుంచి చట్టం కత్తిరించి వేరుచేసినట్టయింది. కెనడాలోని ఒంటారియో 2009లో ఇంకో మెట్టెక్కింది. తప్పు ఒప్పుకుంటూ చెప్పిన సారీ అయినా సివిల్ కేసుల్లో బాధ్యతకు రుజువు కాదంది. నా దృష్టిలో ఒంటారియోదే సరైన దారి. నోటి నుంచి వచ్చిన ఒక్క మాటను బాధకింత, తప్పుకింత అని పంచడం కాగితం మీదే కుదురుతుంది. శవం ముందు నిలబడ్డవాడు అలా పంచుకుని మాట్లాడడు.

తెలుగులో ఈ పని ఎలా జరుగుతుందో చూస్తే తేడా తెలుస్తుంది. మనకూ నొప్పి నుంచి పుట్టిన మాట ఉంది: నొచ్చుకోవడం. కానీ మన క్షమాపణలో నొప్పి ఎదుటివాడిది. "మీ మనసు నొప్పించి ఉంటే మన్నించండి" అంటాం. "ఏమనుకోకండి" అన్నా అనుకునేది ఎదుటివాడే. ఇంగ్లీషువాడు నాకు నొప్పిగా ఉంది అంటాడు, మనం మీకు నొప్పి కలిగింది అంటాం. మన పద్ధతిలో ఎదుటివాడి మీద ధ్యాస ఎక్కువ, నిజమే. కానీ అందులో ఒక 'ఉంటే' దూరడానికి సందు కూడా ఎక్కువ. నోరు జారిన నాయకుడు మర్నాడు ప్రెస్ మీట్ పెట్టి, "నా మాటలకు ఎవరైనా నొచ్చుకుని ఉంటే విచారం వ్యక్తం చేస్తున్నా" అంటాడు. నొచ్చుకోవడం జనం పని, విచారం వ్యక్తం చేయడం ఆయన పని, మధ్యలో తప్పు ఎవరి పనీ కాదు. అందుకే ఎదుటి పార్టీవాళ్లు వెంటనే "బేషరతుగా క్షమాపణ చెప్పాలి" అని పట్టుబడతారు. ఆ బేషరతు అనే ఉర్దూ మాట మన రాజకీయాల్లో ఇంతగా పాతుకుపోవడానికి ఈ 'ఉంటే'యే కారణమని నా అనుమానం.

కోర్టు ధిక్కారం కేసుల్లో కూడా వినిపించేది అదే బేషరతు. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, కోర్టుకు తృప్తి కలిగేలా క్షమాపణ చెప్తే శిక్ష తప్పవచ్చు. విశేషమేంటంటే, నిజాయితీగా చెప్పినదైతే షరతు ఉన్నంత మాత్రాన క్షమాపణను తోసిపుచ్చరాదని ఆ సెక్షన్ వివరణలోనే రాశారు. అంటే చట్టం బేషరతు కావాలని అడగలేదు, మనసు కావాలంది. 2020లో న్యాయవాది ప్రశాంత్ భూషణ్ చేసిన రెండు ట్వీట్లను సుప్రీంకోర్టు ధిక్కారంగా తేల్చి, బేషరతు క్షమాపణకు గడువిచ్చింది. నమ్మి అన్న మాటకు నమ్మకం లేని క్షమాపణ చెప్తే అది నా అంతరాత్మను ధిక్కరించడమవుతుందని ఆయన రాసిచ్చాడు. ఏథెన్స్ వాళ్ల లెక్కలో అదీ అపాలజీయే. ఆగస్టు 31న కోర్టు ఒక రూపాయి జరిమానా వేసింది, కట్టకపోతే మూడు నెలల జైలు, మూడేళ్లు ఆ కోర్టులో ప్రాక్టీసు బంద్ అంది. సారీ చెప్పలేదు, రూపాయి మాత్రం కట్టాడు.